బాపు రెండుసార్లు చెప్పిన జవాబులు

ప్రోస్టేటును తెలుగులో ఏమంటారో నాకు తెలియదన్న సంగతి ఉద్యోగంలో చేరిన మూడో రోజు బయటపడింది.

సూరత్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. బట్టలకు రంగులద్దే మిల్లుల్లో ఏళ్ల తరబడి రసాయనాల మధ్య మెలిగిన మగవాళ్లకు ప్రోస్టేటు కాన్సరు వచ్చే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువా కాదా అన్నది తేల్చాలి. జబ్బు వచ్చినవాళ్లను కొందరిని, రానివాళ్లను కొందరిని తీసుకుని అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతాం. రక్తం, మూత్రం తీసుకుంటాం. తేడా ఎక్కడుందో వెతుకుతాం. దీన్ని నడిపించే డాక్టరమ్మను అందరం మేడమ్ అంటాం. ఆమె గుజరాతీ మనిషి, నాతో హిందీలో మాట్లాడుతుంది. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను కానీ ఆమె నన్ను తీసుకున్నది తెలుగు వచ్చినందుకు. మిల్లుల్లో, మగ్గాల కార్ఖానాల్లో మా తెలంగాణ వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో మాట్లాడే మనిషి కావాల్సి వచ్చింది.

ప్రశ్నల పత్రానికి తెలుగు అనువాదం ఎక్కడో చేయించి తెప్పించారు. అందులో ‘పౌరుషగ్రంథి’ అని ఉంది. ‘మూత్రవిసర్జన ఆరంభమున జాప్యము కలుగునా’ అని ఉంది. సూరత్‌లోనే పర్వత్ పాటియాలో పుట్టి, గుజరాతీ బడిలో చదివి, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడిన నాకు సగం అర్థం కాలేదు. మేడమ్‌కు చెప్తే, “బయటివాళ్లను అడిగేముందు ఎవరైనా మిల్లు మనిషి దగ్గర చదివి చూడు. ఎక్కడ ఆగుతాడో గుర్తుపెట్టుకో” అంది.

నాకు తెలిసిన మిల్లు మనిషి మా బాపే. కరీంనగర్ దిక్కు నుంచి పెళ్లికాకముందే సూరత్ వచ్చి కొన్నేళ్లు మగ్గం నడిపాడు. తర్వాత ఊరి పక్క కడోదరాలో ఒక డైయింగ్ మిల్లులో రంగులు కలిపే గదిలో ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. ఇప్పుడు అరవై దాటాక ఒక చీరల గోదాములో మూటలు లెక్కచూసే పని. ఆ ఆదివారం పొద్దున ఆయన బనీనుతో కుర్చీలో కూర్చున్నాడు, అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను పత్రం చదవడం మొదలుపెట్టాను.

“పౌరుషగ్రంథి అంటే ఏంది బిడ్డా?” అన్నాడు బాపు మొదటి వాక్యంలోనే.

“లోపల ఉంటది బాపు. గడ్డ లెక్క.”

“గడ్డ ఉంటే రోగమే గద?”

“రోగం కాదు. మూత్రసంచి కింద నిమ్మకాయంత ఉంటది. మగోళ్లందరికి ఉంటది.”

“నాకు గూడనా?”

“నీకు గూడ.”

ఇన్నేళ్లు తన ఒంట్లో ఉన్నదాని గురించి కూతురు చెప్తే వినాల్సి వచ్చినందుకు సిగ్గుపడ్డాడో, ఆశ్చర్యపడ్డాడో నాకు తెలియలేదు. తర్వాత పత్రం తన చేతిలోకి తీసుకుని ఒక్కో ప్రశ్నా సరిచేశాడు. “గిట్ల అడిగితే ఎవ్వనికి సమజ్ కాదు. ఒంటికి పోయినప్పుడు జల్ది వస్తలేదా, జరసేపు నిలవడాల్నా అని అడుగు” అన్నాడు. ఆయన చెప్పిన మాటలే ఇప్పటికీ మా పత్రంలో ఉన్నాయి.

ప్రశ్నలు సరయ్యాక జవాబులు కూడా చెప్పమన్నాను. అలవాటు కావాలని మాత్రమే, ఆ కాగితం లెక్కలోకి రాదు. రాత్రి ఎన్నిసార్లు ఒంటికి లేస్తావంటే “ఒక్కసారి” అన్నాడు. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ చేయి ఆగింది. తలెత్తలేదు. మళ్లీ తుంచడం మొదలుపెట్టింది.

రంగుల గది గురించి అడిగాను. రోజుకు ఎన్ని గంటలు రసాయనాలు చేతికి తగిలేవి?

“తగులుడు ఎక్కడిది? నేను తక్కెడల జోకి ఇచ్చేది. కలిపేటోళ్లు వేరే ఉండిరి.”

“చేతులకు గ్లోజులు ఇచ్చేదా?”

“ఇచ్చేది.”

“వేసుకునేదా?”

“వేసుకునేది.”

రసాయనాల పేర్లడిగితే కాస్టిక్, హైడ్రో అని రెండు చెప్పాడు. మిగతావి ఆయనకు పేర్లతో తెలియవు. ఎర్ర మూత డబ్బా, కుళ్లిన గుడ్ల వాసనది, ముక్కు మండేది అని తెలుసు. నా పత్రంలో పేర్లకు గళ్లున్నాయి, వాసనలకు లేవు. ‘తెలియదు’ అన్న గడిలో గుర్తు పెట్టాను.

తర్వాత రెండు నెలలు నేను మిల్లుల చుట్టూ, ఆసుపత్రి వార్డు చుట్టూ తిరిగాను. మగవాళ్లు నన్ను గుజరాతీలో అక్కను పిలిచినట్టు బెన్ అనో, బిడ్డా అనో పిలిచి చాయ్ తెప్పించేవాళ్లు. ఒంటికి సంబంధించిన ప్రశ్నలు రాగానే కిటికీ వైపు చూసి ‘లేదు’, ‘లేదు’ అనేవాళ్లు. నేను ‘లేదు’, ‘లేదు’ అని రాసుకునేదాన్ని. పని సాఫీగా సాగుతోందనుకున్నాను.

ఒక సాయంత్రం బియ్యం కడుగుతూ అమ్మ అడిగింది. “ఆ దినం మీ బాపును రాత్రి ఎన్నిసార్లు లేస్తవని అడిగినవ్ గద. అది దేనికడుగుతరు?”

ఆ గడ్డ పెరిగితే మూత్రానికి అడ్డం పడుతుందని, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని, చాలామందికి అది వయసు వల్లే అవుతుందని, కొందరిలో మాత్రం పరీక్ష చేసి చూడాలని చెప్పాను. అమ్మ బియ్యం నీళ్లు వంపి గిన్నె పక్కన పెట్టింది.

“నాలుగుసార్లు లేస్తడు. ఏడాది అయితుంది.”

“మరి ఒక్కసారి అన్నడు?”

“నీకెట్ల చెప్తడు? బిడ్డవైతివి.”

దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నేను మొదట భయపడింది బాపు గురించి కాదు, నా కాగితాల గురించి. అప్పటికి నలభై మందిదాకా మగవాళ్లను అడిగాను. సొంత తండ్రే నాకు ఉన్నమాట చెప్పకపోతే వాళ్లలో ఎంతమంది చెప్పి ఉంటారు? మరునాడు పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్లి అన్నీ చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. వచ్చే వారం నుంచి ఆ భాగం మగ ఉద్యోగి అడుగుతాడని, ఇదివరకు అడిగినవాళ్లను కూడా అతనే మళ్లీ అడుగుతాడని చెప్పింది. నేను లేచి తలుపుదాకా వచ్చాక వెనక నుంచి, “మీ నాన్నను ఎప్పుడు తీసుకొస్తున్నావు?” అంది. అప్పుడు నాకు సిగ్గేసింది.

బాపును ఒప్పించడానికి వారం పట్టింది. రక్తంలో ఈ గ్రంథి నుంచి వచ్చే ఒక పదార్థం ఎంతుందో చూసే పరీక్ష ఉంది. ఆయనకు అది ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. డాక్టరు రిపోర్టు చూసి, ఎక్కువ ఉన్నంతమాత్రాన కాన్సరు అనుకోవద్దన్నాడు. గ్రంథి వాచినా పెరుగుతుంది, మూత్రంలో చీము ఉన్నా పెరుగుతుంది, రోజూ సైకిలు తొక్కేవాళ్లకు కూడా కొంచెం పెరగొచ్చన్నాడు. బాపుకు వీటన్నిటిలో సైకిలు నచ్చింది. ఆరు వారాలు గోదాముకు సైకిలు మానేసి షేర్ ఆటోలో వెళ్లాడు. మళ్లీ పరీక్ష చేస్తే అంతే వచ్చింది. తర్వాత స్కానింగు, ఆ తర్వాత గ్రంథిలోంచి సూదితో ముక్కలు తీసే పరీక్ష.

ముక్కల రిపోర్టు వచ్చిన రోజు నేనూ బాపూ డాక్టరు ముందు కూర్చున్నాం. తీసిన పన్నెండు ముక్కల్లో రెండింట్లో కాన్సరు ఉందని, అయితే అది చాలా మెల్లగా పెరిగే రకమని, ఇప్పుడు ఆపరేషను గానీ మందులు గానీ అక్కర్లేదని, ఆరునెలలకోసారి చూసుకుంటూ ఉంటే చాలని ఆయన హిందీలో నిదానంగా చెప్పాడు. బాపు అన్నిటికీ తలూపాడు. బయట వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“కాన్సరే అన్నడు గద?”

“అన్నడు బాపు. కాని చిన్నది.”

“మందు?”

“ఇప్పుడు అవసరం లేదన్నడు.”

“అంటే చెయ్యిదాటిందని లేదన్నడా, అంత ఏం లేదని లేదన్నడా?”

రెండోదేనని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి నమ్మినట్టు కనిపించాడు. ఇంటికి వెళ్లి అమ్మతో మాత్రం “మందు లేదట” అన్నాడు. అమ్మ కూలబడి ఏడ్చింది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. చెప్తున్నకొద్దీ నాకే తికమకగా అనిపించింది. కాన్సరు ఉంది, వైద్యం అక్కర్లేదు. రోజూ పరిశోధన కాగితాల్లో ఇలాంటి మాటలు చదివేదాన్ని, అక్కడ అవి తేటగా ఉండేవి. మా వంటగదిలో నా నోటి నుంచి వచ్చేసరికి ఏదో కప్పిపుచ్చుతున్నట్టు వినిపించాయి.

నెల గడిచింది. ఒక ఆదివారం బాపు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు.

“ఆ కాయిదం మళ్ల తీయ్. అప్పుడు తప్పు చెప్పిన.”

ఖాళీ పత్రం ఒకటి తీశాను. ఈసారి ప్రశ్న అడగకముందే చెప్పుకుంటూ పోయాడు. గ్లోజులు ఏడాదికొక జత ఇచ్చేవాళ్లట, నాలుగు రోజుల్లో చిరిగిపోయేవట. పొడి నీళ్లలో ఉండలు కడితే మోచేతుల దాకా చేతులు పెట్టి పిసికేవాళ్లట. ఎర్ర రంగు మాల్ నడిచినన్ని రోజులు ఉమ్మి ఎర్రగా వచ్చేదట. పొద్దున లేస్తే తలకింది మెత్తమీద నీలం మరకలుండేవట. అవే చేతులతో రొట్టె తినేవాళ్లట.

“మరి కలిపేటోళ్లు వేరే అన్నవ్?”

“వేరే ఉండిరి. వాళ్లు రాని దినం నేనే. వాళ్లు వచ్చేది ఎప్పుడు?” అని ఆగి, “డ్రమ్ము గూడ రాసుకో” అన్నాడు.

“ఏ డ్రమ్ము?”

“మనింట్ల నీళ్ల డ్రమ్ము. నీలందుండె గద. అది మిల్లులకెల్లి తెచ్చిన. ఖాళీవి అందరం తెచ్చుకునేది. సోడతోని కడిగిన.”

అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. “గా డ్రమ్మా? అండ్ల నీళ్లే గద అన్నం వండింది. పిల్లకు తానం చేపిచ్చింది.”

“కడిగిన అంటున్న గద.”

“అండ్ల ఏముండె ముందుగాల?”

“నాకేం ఎరుక? మీది చీటి చినిగిపోయుండె.”

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజంతా మాతో మాట్లాడలేదు. నేను డ్రమ్మును ఎక్కడ రాయాలో వెతికాను. తాగే నీళ్లు బోరువా, కార్పొరేషనువా అన్న ప్రశ్న ఉంది. ఆ నీళ్లు దేంట్లో పోసుకున్నారన్న ప్రశ్న లేదు. అంచున ఖాళీ చోట రాశాను. చిన్నప్పుడు స్టూలు ఎక్కి ఆ డ్రమ్ములో చెంబు ముంచడం నాకు బాగా గుర్తుంది. నీళ్లకు ఏదో వాసన ఉండేదని కూడా గుర్తొచ్చింది. కానీ ఆ వాసన నిజంగా గుర్తొచ్చిందా, బాపు చెప్పాక పుట్టిందా అని ఎంత ఆలోచించినా తెలియలేదు.

రెండు పత్రాలూ తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టాను. ఒకటి జబ్బు తెలియకముందు చెప్పింది, ఒకటి తెలిశాక చెప్పింది. మనిషి ఒకడే, పని ఒకటే. ఆమె రెండూ పూర్తిగా చదివింది.

“జబ్బు వచ్చిన మనిషి ఎందుకొచ్చిందా అని పాతవన్నీ తవ్వుకుంటాడు. రానివాడికి ఆ అవసరం ఉండదు, మర్చిపోతాడు. అందుకే జబ్బున్నవాళ్ల కాగితాల్లో రసాయనాలు ఎప్పుడూ ఎక్కువ కనిపిస్తాయి. నిజంగా ఎక్కువ తగిలినందుకా, ఎక్కువ గుర్తున్నందుకా అన్నది మనకు పెద్ద చిక్కు” అంది.

“ఇందులో ఏది నిజం మేడమ్?”

“మొదటిదాంట్లో కూతురి ముందు పరువు ఉంది. రెండోదాంట్లో భయం ఉంది. నిజం రెండింట్లోనూ కొంచెం కొంచెం ఉండొచ్చు.”

నాకది చాలలేదు. బాపుతో పాటు ఆ గదిలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి ఒకాయన ఇంకా కడోదరాలోనే ఉంటున్నాడు. నేను కాక అని పిలుస్తాను. బాపుకంటే రెండేళ్లు చిన్న, ఏ జబ్బూ లేదు. పరిశోధన కోసం కాదు, నాకోసమే ఆయన్ని అడగాలనుకున్నాను. తర్వాతి ఆదివారం నేనూ బాపూ బస్సెక్కి వెళ్లాం.

కాక మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. బాపు జబ్బు సంగతి విని, “గట్లనా అన్నా” అని ఆయన చేయి పట్టుకున్నాడు. కాసేపయ్యాక నేను రంగుల గది గురించి ఎత్తాను.

“చేతులెక్కడ వెట్టినం? కలిపేతందుకు కట్టె ఉండె గద” అన్నాడు కాక.

“కట్టె ఇరిగింది గదనే” అన్నాడు బాపు.

“ఇరిగితే తెల్లారి కొత్తది తెచ్చిండ్రు.”

“తెల్లారా? నెలల తరబడి చేతులతోనే కలిపినం. నీ అంగీ చేతులు మోచేతుల దాక నీలంగుండె, యాదికి లేదా?”

“అది మగ్గం నూనె.”

“మగ్గం నూనె నీలంగుంటదా?”

కాక నావైపు తిరిగాడు. “మీ బాపుకు మనసు బాగలేదు బిడ్డా. నేనైతే ఏనాడు చెయ్యి వెట్టలె.”

బాపు మొహం ఎర్రబడింది. తనను అబద్ధాలకోరును చేసి మాట్లాడినట్టు అనిపించిందేమో, లేచి బయటికి వెళ్లి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కాక గొంతు తగ్గించి, “నేను గూడ ఆ టెస్టు చేపిచ్చుకోవాల్నా?” అని అడిగాడు. ఏనాడూ చెయ్యి పెట్టని మనిషికి ఆ అనుమానం ఎందుకొచ్చిందో నేను అడగలేదు. డాక్టరుతో మాట్లాడి చూడమన్నాను. ఆయన వచ్చి చేయించుకున్నాడు. అంతా మామూలుగా ఉంది.

ఒకే గది, అవే డబ్బాలు. ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. మా వార్డులో ఇంకొకాయన ఉన్నాడు. జీవితమంతా కూలీల మెస్సులో వంట చేశాడు, రంగుల మిల్లు గడప తొక్కలేదు. ఆయనకు కాన్సరు ఎముకలదాకా పాకింది. “నాకెందుకొచ్చింది బిడ్డా?” అని నన్ను చూసినప్పుడల్లా అడుగుతాడు. వందలమందిని కలిపి చూస్తే ఏమైనా తెలుస్తుందేమో గానీ ఒక్క మనిషికి ఎందుకొచ్చిందో మా పరిశోధన చెప్పగలిగేది కాదు. ఆ మాట ఆయన మొహం మీద చెప్పలేక ప్రతిసారీ ఏదో ఒకటి అని తప్పించుకుంటాను.

బాపు పత్రాలు రెండూ లెక్కలోకి తీసుకోనని మేడమ్ చెప్పింది. పనిచేసేవాళ్ల ఇంటి మనుషులను చేర్చుకోకూడదు, అది మొదటి నుంచి ఉన్న నియమమే. నాకది న్యాయంగానే తోచింది. బాపుకు తోచలేదు.

“అంటే నాది ఏ లెక్కలకు రాదా?” అన్నాడు.

“రాదు బాపు.”

“ఇరవై ఏండ్లు చేసిన. రోగమొచ్చింది. ఇంకేం గావాలె వాళ్లకు?”

మొదట నేను అడిగాననే చెప్పాడు. చెప్పింది పనికిరాదని కూడా నేనే చెప్పాను.

వానలు తగ్గాక ఒక ఆదివారం ముగ్గురం డుమస్ బీచికి వెళ్లాం. అమ్మే అడిగింది వెళ్దామని. రోడ్డు పక్కన బండి దగ్గర టమాటా భజియాలు కొనుక్కుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం. ఆ రోజు బాపు హుషారుగానే ఉన్నాడు. సగం తిన్నాక, ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా అడిగాడు.

“లెక్కలు గిక్కలు ఇడిసిపెట్టు. నువ్వేమనుకుంటున్నవ్? రంగులతోనే వచ్చిందా?”

“నాకు తెలవదు బాపు.”

“ఇంత సదివినవ్ గద.”

అవునంటే ఆయనకు కొంత శాంతి దొరికేదేమో, కోప్పడడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్లేమో. కాదంటే, ఆ గదిలో గడిచిన ఇరవై ఏళ్లూ ఏమీ చేయలేదని చెప్పినట్టయ్యేది, అది నేను ఎలాగూ నమ్మను. అమ్మ తన పొట్లంలోంచి రెండు భజియాలు ఆయన పొట్లంలో వేసి, “దానికెరుక లేనిది అది ఏం చెప్తది? తిను” అంది.

పరిశోధన ఇంకా నడుస్తోంది. ఇప్పుడు నేను ‘ఎన్ని గంటలు తగిలేది’ అని అడగడం మానేశాను. పొద్దున గదిలోకి వెళ్లగానే మొదట ఏం చేసేవాళ్లు, తర్వాత ఏం చేసేవాళ్లు, చేతులు ఎక్కడ కడుక్కునేవాళ్లు అని వరసగా అడుగుతాను. నీళ్లు దేంట్లో నింపుకునేవాళ్లన్న ప్రశ్న మేడమ్ కొత్తగా చేర్చింది. చాలామంది డ్రమ్ము అనే అంటున్నారు. అందులో ముందు ఏముండేదో వాళ్లకూ తెలియదు.

బాపుకు ఆరునెలల పరీక్షలు రెండయ్యాయి. అంకె కొంచెం అటూ ఇటూ కదిలింది గానీ పెద్దగా మారలేదు. గోదాముకు వెళ్తున్నాడు. సైకిలు మళ్లీ మొదలుపెట్టాడు. మూడో పరీక్ష ఈ మంగళవారం. నిన్న సాయంత్రం, పొద్దుగాల ఏమీ తినకుండా రావాలా అని అడిగాడు. ఈ రక్తపరీక్షకు పరగడుపు అక్కర్లేదు, తినే రావచ్చని చెప్పాను.

“పక్కానా?”

“పక్కా బాపు.”

సైకిలు తాళం మేకుకు తగిలించాడు.

“అయినా తినను. ఎందుకైనా మంచిది” అన్నాడు.